ఉష్టె అంటే లేపుమని కాదు

ఆ రోజుల్ల నాకు ఏడు భాషలొచ్చు. అంటే, వచ్చని నా బయోడేటా కాయితం మీద రాసుండె. ఇరవై రెండేండ్ల పోరడు తన గురించి తను చెప్పుకునే అబద్ధాలల్ల చానమట్టుకు ఎవరికీ నష్టం చెయ్యవు. క్రికెట్‌ల జిల్లా టీముకు సెలెక్టయిన గాని మా అబ్బా పోనియ్యలేదు అనేటిది అసుంటిదే (అది గూడ చెప్పిన, నలుగురైదుగురు నమ్మిండ్రు గూడ). కొన్ని అబద్ధాలు మాత్రం మనకంటె ముందే విమానమెక్కుతయి. మనం దిగేటాల్లకు డ్యూటీ డ్రెస్సేసుకుని గేటు కాడ నిలబడి ఉంటయి. నాదొకటి అసుంటిది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ముందుగాల నవ్వొస్తది. ఆ నవ్వు ఒడువకముందే ఒక ముసలాయన ఎండిన పెదవులు కండ్లల్ల మెదులుతయి.

మాది బోధన్ దిక్కు. ఇంట్ల దక్కనీ, గల్లీల తెలుగు. నిజామాబాద్‌ల ఏజెంటు ఆఫీసుకు పోతే, కంప్యూటర్ ముందల కూసున్నాయన "ఏమేం భాషలొస్తయ్ భాయ్?" అని అడిగిండు. తెలుగు, ఉర్దూ అన్న. ఆయన నా దిక్కు జాలిగ చూసి, "గీ రెండే రాస్తే ఎండల పైపులు మోపిస్తరు. ఆస్పత్రి నౌకరి గావాల్నా, వద్దా?" అన్నడు. ఉర్దూ వస్తే హిందీ వచ్చినట్టే గదా అని హిందీ కొట్టిండు. మా ఇంట్ల మాట్లాడేది అసలు ఉర్దూ గాదు, దక్కనీ అని నేనే నోరుజారితే దాన్ని వేరుగ ఇంకొక వరుసల రాసిండు. నాందేడ్‌ల మా ఫూఫీ, అంటే మేనత్త, ఉన్నదంటే మరాఠీ వచ్చి చేరింది. ఖురాన్ చదువుతవా అంటే చదువుత అన్న, అరబ్బీ అయింది. టెన్త్‌ల ఇంగ్లీషు పాసయినవా అంటే అంచు మీద పాసయిన అన్న, ఏడు నిండినయి. అన్నిటి పక్కన ధారాళంగ మాట్లాడుతడు అని అర్థమొచ్చే ఒక ఇంగ్లీషు మాట కొట్టిండు. ఆ మాటను ఎట్ల పలుకుతరో గూడ నాకు తెల్వకుండె.

మా అమ్మీ ఊరందరికీ కొడుకు దుబాయ్ పోయిండని చెప్పుకున్నది గాని నేను దిగింది ఖతర్‌ల, అల్ రయ్యాన్‌ల ఒక ప్రైవేటు ఆస్పత్రిల. పక్షవాతమొచ్చినోళ్ళు, ఎముకలిరిగినోళ్ళు నెలల తరబడి ఉండేటి ఆస్పత్రి అది. పేషెంట్లను పక్కకు పొర్లిచ్చుడు, ఒళ్ళు తుడుసుడు, బట్టలు మార్చుడు, లేపి కూసోబెట్టుడు నా పని. క్యాంపుల నా రూమ్మేటు గోదావరి జిల్లా మనిషి, అదే ఆస్పత్రిల నర్సు. నేను అన్నా అని పిలిచేది. మా వార్డు హెడ్ నర్సు ఫిలిప్పీన్స్ ఆమె, అందరం "మామ్" అంటుంటిమి. ఆమెకు కాయితం మీద రాసుంటే అది దేవుని మాట.

ఓడ సారు వచ్చింది మంచి ఎండకాలంల. అది నేను పెట్టుకున్న పేరు. పెద్ద ఓడలకు తాడు గట్టి రేవులకు గుంజుకొచ్చే చిన్న పడవలుంటయి గదా, ముప్పై ఏండ్లు అసుంటి పడవ నడిపిన మనిషి. పెండ్లి చేసుకోలే. నా అనేటోడు వాళ్ళ దేశంల చెల్లె కొడుకొక్కడే. పక్షవాతం ఆయన కుడి చెయ్యి, కుడి కాలు, మింగుడు మూడూ తీసుకపోయింది. ముక్కుల నుంచి పైపు, మంచం మీద 'నోటి నుంచి ఏమీ ఇయ్యొద్దు' అని బోర్డు. చిత్రమేందంటే ఆయన ఇంగ్లీషు గూడ పోయింది. పాస్‌పోర్టు చూస్తే బ్రిటన్‌ది, నోరు తెరిస్తే ఎవ్వరికీ అంతుబట్టని మాట. మా ఈజిప్టు డాక్టరు పరీక్ష చేసి, "ఇవి మాటలు గావు. మెదడు దెబ్బతిన్నది, శబ్దాలు మాత్రం మిగిలినయి" అన్నడు. మామ్ ఒప్పుకోలే. "ఒక్కటే శబ్దం పొద్దుందాక అంటున్నడు డాక్టర్. అర్థంలేనిదైతే రోజుకొక తీరుగ అనాలె" అన్నది. ఆమె మాటే నిజం. ఆ నిజాన్ని పట్టుకుని ఆమె సీదా ఆఫీసుకు పోయి నా బయోడేటా తీసింది.

"నీకు ఏడు భాషలొచ్చు" అన్నది నన్ను ఓడ సారు మంచం కాడికి పిలిచి. "ఏం అడుగుతున్నడో చెప్పు." (ఆమె ఇంగ్లీషుల అన్నది. ముందుముందు వచ్చే టీచరమ్మ మాట్లాడింది గూడ ఇంగ్లీషే. నాకు అర్థమైనకాడికి మన మాటలల్ల రాస్తున్న. నా అనువాదం మీద మీకు అనుమానమొస్తే తప్పు పట్టను.)

ముసలాయన ఎడమ చెయ్యి సాపి నా మణికట్టు పట్టుకున్నడు. నీలి కండ్లు. "ఉష్టె" అన్నడు. నేను తెల్వది అనొచ్చు. నోటి దాక వచ్చింది గూడ. కానీ నా ప్రొబేషన్ ఇంకా ఇరవై రోజులున్నది, కాయితం మామ్ చేతిల ఉన్నది. ఉష్టె, ఉష్టె... ఉఠ్తే! హిందీల లేస్తరు అని గదా. "లేస్తడంట మామ్. లేపుమంటున్నడు" అన్న. ఆమె మొఖం దీపం పెట్టినట్టయింది. డాక్టరు దిక్కు గెలిచినట్టు చూసి, ఫైలుల రాసింది: పేషెంటు 'ఉష్టె' అన్నప్పుడల్లా లేపి కూసోబెట్టాలె, వీలైతే నిలబెట్టాలె.

అట్ల ఐదు రోజులు. ఆయన ఉష్టె అనుడు, మేం నడుముకు బెల్టు గట్టి లేపుడు. లేపినప్పుడల్లా ఆయన తల అడ్డంగ ఊపేది, కండ్లల్ల నీళ్ళు తిరిగేది. "సంతోషం పట్టలేకపోతున్నడు" అని నేను మామ్‌కు చెప్పేది. నా పేరు మోగిపోయింది. పక్క వార్డుల శ్రీలంక ముసలామె గొణుగుతుంటే నన్ను పిలిచిండ్రు, చలి పెడుతున్నదట అని చెప్పి దుప్పటి కప్పిచ్చిన. మూడో రోజు ఓడ సారు కొత్త మాట అందుకున్నడు: "కిడ్న్." కిటికీ దిక్కు చూస్తడు, "కిడ్న్" అంటడు. దీనికి ఏడు భాషలు అక్కరలేదు గదా! "కిడ్నీ నొస్తున్నదంట" అన్న. రక్తం తీసిండ్రు, స్కానింగ్ చేసిండ్రు, కడుపు మీద చల్లటి జెల్లు రుద్ది అటూ ఇటూ పొర్లిచ్చిండ్రు. కిడ్నీలు రెండూ కుర్రోని కిడ్నీల లెక్క ఉన్నయని రిపోర్టొచ్చింది. ఆయన మాత్రం కిటికీ దిక్కు చూసుడు మానలే.

ఐదో రోజు పొద్దున నా చెయ్యి పట్టుకుని విడువకుంట ఉష్టె, ఉష్టె అన్నడు. లేపి కూసోబెట్టిన. మళ్ళ అన్నడు, నిలబెట్టిన. మళ్ళ అన్నడు. ఇంక యాడికి లేపాలె, కప్పు మీదికా? నాకు గూడ యాష్టకొచ్చింది. ఇంకొంచెం పైకి గుంజిన. ఆయన ఎడమ మోకాలు గూడ మడుసుకపోయింది, ఇద్దరం కింద పడ్డం. మంచం కమ్మీకి తగిలి ఆయన దవడ పగిలింది, నెత్తురు. అయినా ఆయన నన్ను కోపంగ చూడలే. నేల మీద పండుకునే, నా మొఖంల మొఖం పెట్టి, చిన్నపిల్లగానికి పాఠం చెప్పినట్టు నిమ్మలంగ, ముక్కలు ఇడగొట్టి, "ఉష్. టె." అన్నడు. పెదవులు పగిలి చేప పొట్టు లేసినట్టు లేసినయి. నాలుక తెల్లగ ఉండె. అవన్నీ చూసిన. చూసినా నాకు తట్టలే.

ఆ పూట డ్యూటీ దిగినంక బస్సుల అన్న నా పక్కన కూసున్నడు. ఓడ సారు దవడకు కుట్లేసింది ఆయనే.

"ఏరా, నిజం చెప్పు. ఆయన భాష నీకు వచ్చా?"

"కొంచెం కొంచెం..."

"కొంచెమంటే ఎంత?"

"రాదన్నా."

అన్న నా దిక్కు తిరిగిండు. "మాట పోయినోడికి ఒకటే బాధరా. మాట ఉండీ, మధ్యలో నీలాంటోడు దొరికాడు చూడు, ఆయనకి రెండు బాధలు. రేపు పొద్దున్నే మామ్‌కి చెప్పేయ్."

"ప్రొబేషన్ అయినంక చెప్త అన్నా. పదిహేను రోజులే."

"ఆయనకి పదిహేను రోజులున్నాయో లేదో" అన్నడు అన్న.

నేను తెల్లారి గూడ చెప్పలే. ధైర్యం లేకపోతే మనిషి దానికి బదులు ఏదో ఒక పని పెట్టుకుంటడు. నేను చిన్న డైరీ కొన్న. ఓడ సారు ఏమన్నా దాన్ని తెలుగు అక్షరాలల్ల ఎట్లున్నదట్ల రాసుడు మొదలువెట్టిన. ఇంగ్లీషుల రాద్దామంటే నా స్పెల్లింగు నాకే అర్థంగాదు. మన అక్షరాలైతే వినబడ్డది వినబడ్డట్టు కూసుంటది.

శుక్రవారం పొద్దున పక్క మంచం మీది ఆయనను చూడనీకె ఒక టీచరమ్మ వచ్చింది. దోహల ఏదో స్కూల్ల పనిచేస్తదట, ఐర్లండ్ మనిషి, అరవైకి దగ్గర, పొడుగు, గేటు ముందటి దుకాణంల కొన్న కరక్ చాయ్ చేతిల ఉండె. మధ్యల పరదా ఉన్నది. ఇవతల ఓడ సారు ఉష్టె అన్నడు, నేను బెల్టు తీసిన. పరదా సర్రున జరిగింది.

"ఈయనకు నీళ్ళెందుకిస్తలేరు?" అన్నది.

మామ్ ఉరికొచ్చింది. "నీళ్ళా?"

"నీళ్ళే గదా అడుగుతున్నడు! మేం ఇష్కె అంటం, ఈయన ఉష్టె అంటున్నడు. అంతే తేడా."

ఇష్కె అనే మాట చెవుల పడంగనే ముసలాయన బిగుసుకపోయిండు. తల తిప్పి ఆమెను చూసిండు. "ఉష్టె" అన్నడు. "ఇష్కె" అన్నది ఆమె. "ఉష్టె!" అన్నడు మళ్ళ, ఈసారి గొంతు పగిలింది. వంకరపోయిన మూతితోని ఎక్కెక్కిపడి ఏడ్సిండు. మామ్ ఫైలు తెరిచి తన చేతిరాత తనే చదువుకున్నది. చదివి నా దిక్కు చూసింది. నేను నేల దిక్కు చూసిన. అంత శుభ్రంగ తుడిచిన నేలను అప్పటిదాక నేను గమనించలే.

గ్లాసుల నీళ్ళు పోసి తాపుటానికి లేదు, ఊపిరితిత్తులల్లకు పోతయి. పుల్లకు గుచ్చిన స్పాంజి ముక్కను నీళ్ళల్ల ముంచి నాలుకకు అద్దాలె. ఆ పుల్లను మామ్ కావాలనే నా చేతికిచ్చింది. పెదవులకు తాకిచ్చిన. ఆయన దాన్ని పండ్లతోని పట్టి ఎట్ల చీకిండంటే, రెండోసారి ముంచుటానికి వెనుకకు గుంజుకోనీకె నాకు బలం సరిపోలే. వారం రోజులు. ఖతర్‌ల, ఎండకాలంల, నీళ్ళు అడిగిన మనిషిని వారం రోజులు నిలబెట్టిన.

ఆఫీసుల మామ్ నా బయోడేటా బల్ల మీద పరిచి ఎర్ర పెన్ను తీసింది. "అరబ్బీ?" చదువుడొక్కటే మామ్, అర్థం తెల్వదు. కొట్టేసింది. "మరాఠీ?" మా మేనత్త... కొట్టేసింది. ఉర్దూ, హిందీ, దక్కనీ మూడూ కలిపి ఒక్కటే అని ఒప్పుకున్న, మూటగట్టి ఒక్క సున్నా సుట్టింది. "ఇంగ్లీషు?" అన్నది. నేను ఆమెతోని మాట్లాడుతున్నదే ఇంగ్లీషు గదా అని ఆశగ చూసిన. ఆమె కొంచెంసేపు ఆలోచించి దాని పక్కన ప్రశ్న గుర్తు పెట్టింది.

"నన్ను వాపస్ పంపిస్తరా మామ్?"

"పంపిస్తే నాకు సుఖం. నువ్వు మంచం కాడ రాసుకునే డైరీల ఆయన మాటలున్నయి, దాన్ని ఆయన పలికినట్టు చదివేటోడు నువ్వొక్కడివే." నా దిక్కు వేలు చూపించింది. "ఇవ్వాళటి నుంచి శబ్దం రాయి. ఏ టైముకు, ఏం చూసుకుంట అన్నడో రాయి. అర్థం మాత్రం నువ్వు చెప్పొద్దు. ఒక్క అర్థం గూడ."

టీచరమ్మ ఆ తర్వాత ప్రతి శుక్రవారం వచ్చింది. ఓడ సారుది వాళ్ళ ఐరిష్ భాష గాదట. ఐర్లండ్‌కూ ఇంగ్లండ్‌కూ నడుమ సముద్రంల మాన్ అని చిన్న దీవి ఉన్నదట, అక్కడిది, మాంక్స్ అంటరట. ఒక్క తల్లి కడుపున పుట్టిన భాషలే గాని, రాసుకునేకాడ వీళ్ళు పాత పద్ధతి పట్టుకున్నరు, వాళ్ళు ఇంగ్లీషు స్పెల్లింగుల దిక్కు పోయిండ్రు. "వాళ్ళ పుస్తకం నా ముందల పెడితే నాకు ఒక్క ముక్క ఎక్కదు. ఎవరన్న పైకి చదివితే మాత్రం మా చిన్నాయన మాట్లాడినట్టుంటది" అన్నది. అందుకని నా డైరీ ఆమెకు మస్తు పనికొచ్చింది. నేను తెలుగుల రాసుకున్నది పైకి చదువుడు, ఆమె కండ్లు మూసుకుని వినుడు. "అరన్" అంటే "అరాన్! రొట్టె" అనేది. "తై" అంటే కొద్దిగ ఆగి, "తిగ్... ఇల్లు" అనేది. గుర్తుపట్టినప్పుడల్లా తొడ మీద చరుసుకునేది.

నాకు అది కొత్తగ అనిపియ్యలే. ఖతర్‌కొచ్చిన మొదటి వారం, రూముల ఎండదెబ్బకు అడ్డంపడి "అన్నా, దూపైతుంది" అన్న. మా అన్న పాపం గబగబ లేసి, అగరుబత్తి వెలిగిచ్చి, నా మొఖం చుట్టూ తిప్పి, "సాయిబులకి కూడా ధూపం అలవాటుందా!" అని ఆశ్చర్యపోయిండు. వాళ్ళకు దాహం, మాకు దూప. ఇద్దరిదీ తెలుగే, నా గొంతు మాత్రం ఎండుకనే ఉన్నది. టీచరమ్మకు ఈ ముచ్చట చెప్తే నవ్వీ నవ్వీ కండ్లు తుడుసుకున్నది. తుడుసుకుంట తుడుసుకుంట ఓడ సారు దిక్కు చూసి, స్పాంజి పుల్ల అందుకున్నది.

కిడ్న్ మాత్రం ఆమెకు గూడ అందలే. మా భాషల అసుంటిది లేదన్నది. ఓడ సారు ఓపిక పట్టి, ఎడమ అరచెయ్యి దుప్పటి మీద పెట్టి మెల్లగ పైకీ కిందికీ, పైకీ కిందికీ ఆడిచ్చిండు. అల. అట్లనే కిటికీ దిక్కు చూపించిండు. "సముద్రం!" అన్నది ఆమె. "ఇప్పుడు తట్టింది. మేం రేవును కువాన్ అంటం." సముద్రం కావాల్నన్న మనిషికి మేం కిడ్నీల ఫోటో తీసి చేతిల పెట్టినం. ఈజిప్టు డాక్టరుకు చెప్తే అద్దాలు తీసి మరీ నవ్విండు. నవ్వు ఆగినంక కిడ్నీ రిపోర్టు తీసి మళ్ళ చూసుకున్నడు.

ఇంక ఓడ సారు పట్టుకున్న ఆఖరి మాట "గొల్ ద వల్య." రోజుకు ఇరవై సార్లు. టీచరమ్మ మొదటిసారికే గుర్తుపట్టింది. "గొల్ అంటే మా కాడ ఏడుపు. వల్య అంటే మా అవాల్య, ఇంటికి. ఇంటిని తలుసుకుని ఏడుస్తున్నడు" అన్నది. ఆ వారం నుంచి ఆమె ఫోన్ల ఆ దీవి ఫోటోలు తెచ్చి చూపించింది, తల నిమిరింది, వాళ్ళ అమ్మ పాడిన జోలపాటలు పాడింది. ఆయన గోడ దిక్కు తిరిగిండు. ఇంకొక వారం ఇంకా ఎక్కువ ఫోటోలు తెచ్చింది. మూడో శుక్రవారం ఎడమచేత్తోని ఆ ఫోన్‌ను కొట్టిండు, కిందపడి అద్దం పగిలింది. "నేనొచ్చి ఈయన బాధ పెంచుతున్న, ఇంక రాను" అని ఆమె సంచి భుజానికేసుకున్నది. అప్పుడు ఆయన ఆమె సంచి దిక్కు చూసి, చిన్నగ "గొల్?" అన్నడు.

డైరీ తిరగేసిన. సాయంత్రం నాలుగింటికి, నేను బ్యాగు తీసుకుంటుంటే: గొల్? పొద్దున తొమ్మిదింటికి, నాష్టా బండి బయటికి పోతుంటే: గొల్. పక్క మంచమాయన డిశ్చార్జయి పోయిన నాడు: గొల్. వీటిల్ల ఏడ్సినోళ్ళు ఎవ్వరు లేరు. నాకు తెలుస్తున్నది. చెప్తే మాట తప్పినట్టు. మామ్ కాడికి ఉరికి, "మామ్, ఒక్క అర్థం చెప్పొచ్చా?" అన్న.

"ఆధారం?" అన్నది.

డైరీల మూడు తావులల్ల వేలు పెట్టి చూపిచ్చి, చదివి వినిపిచ్చిన. ఆమె తల ఊపింది.

"మేడం" అన్న టీచరమ్మతోని, "ఏడుపు గాదేమో. పోవుడేమో. ఇంటికి పోత అంటున్నడేమో."

ఆమె సంచి కింద పెట్టి మంచం కాడికొచ్చింది. వాకిలి చూపించింది, చెయ్యిని విమానం లెక్క పైకి లేపింది. "గొల్?" అన్నది. ముసలాయన ఎడమ పిడికిలితోని మంచం కమ్మీని దనదన కొట్టిండు. "గొల్! గొల్ ద వల్య!" దవడ మీది మచ్చ ఎర్రబడ్డది. ఆమె కుర్చీల కూలబడ్డది. నాతోని అన్నది: "ఇంటికి పంపుమని అడిగిన మనిషికి మూడు వారాలు జోలపాట పాడిన. నువ్వు తెల్వక చేసినవు. నేను తెలుసు అనుకుని చేసిన." ఆమె నన్ను ఓదార్చనీకె అన్నదో, తనను తాను తిట్టుకున్నదో ఇప్పటికీ నాకు తేలలే.

కాయితాలు మొదలైనయి. కంపెనీ, ఎంబసీ, విమానమోళ్ళు, ఎంబడి పోయే నర్సు. చెల్లె కొడుకు వాళ్ళ దీవి ఆస్పత్రిల మంచం అడిగి పెట్టిండు. ఈ నడుమల మింగుడు కొద్దిగ మళ్ళింది, జావ లెక్క చిక్కగ చేసిన నీళ్ళు ఒక్క చెంచా ఇయ్యొచ్చన్నరు. ఆ చెంచా గూడ నేనే ఇచ్చిన. మింగి, "గుర మై ఎద్" అన్నడు. టీచరమ్మను అడిగితే, వాళ్ళు 'గుర మా అగత్' అంటరట, నీకు మంచి జరగాలె అనుడట. నేను బాత్రూముల పోయి మొఖం కడుక్కొచ్చిన.

ప్రయాణం తారీఖు ఖాయమైనంక ఛాతిల జబ్బు పట్టింది. వారంల మనిషి గుంజుకపోయిండు. విమానమోళ్ళు వద్దన్నరు. ఒక సోమవారం, పొద్దున పదకొండింటప్పుడు, ఊపిరి తీరు మారింది. మామ్ నాతోని "ఆమెకు ఫోన్ చెయ్యి" అన్నది. టీచరమ్మ క్లాసుల ఉండె. "ఆయన చెవి కాడ పెట్టు" అన్నది. పెట్టిన. వెనుక పిల్లల లొల్లి, ముందల ఆమె గొంతు, వాళ్ళ భాషల, ఆగకుంట ఐదు నిమిషాలు. ఏం చెప్పిందో నేను అడగలే. అంతా విని ఆయన కండ్లు తెరిచి, నా దిక్కు చూసి, ఒక పొడుగు మాట చెప్పిండు. మధ్యల రెండుసార్లు ఊపిరి కోసం ఆగి మరీ, మొత్తం చెప్పిండు. నేను ఒక చేత్తోని ఫోన్ పట్టుకుని ఇంకొక చేత్తోని రాసుకున్న. మధ్యాహ్నం జొహర్ నమాజు టైముకు ఆయన లేడు.

టీచరమ్మ వచ్చినంక ఆ మాట నాలుగుసార్లు చదివిచ్చుకున్నది. "ముక్ అంటే పంది. సగర్ట్ అంటే చర్చి ఫాదర్. మిగిలింది నాకు అందుతలేదు" అన్నది. శవపెట్టె విమానమెక్కినంక చెల్లె కొడుకు ఆస్పత్రికి మెయిల్ రాసిండు: మా మామ ఆఖరి మాటలేందో దయచేసి తెలుపండి. మామ్ కంప్యూటర్ ముందల కుర్చీ నాకిచ్చి, "నువ్వే విన్నవు. నువ్వే రాయి" అన్నది. ఇల్లని, సముద్రమని, నిన్ను అడిగిండని, ఎంత చక్కగ రాయొచ్చు! ఆ పిల్లగాడు సంతోషపడుతుండె. నేను అర్ధగంట కూసుని రాసిన: "పంది, ఫాదర్ అనే రెండు మాటలు మాత్రం తెలిసినయి. మిగిలింది మాకు అర్థంగాలే. చెప్పేటప్పుడు ఆయన మూతి ఎడమ దిక్కు నవ్వింది. కుడి దిక్కు నవ్వలేకపోయింది."

రెండు రోజులకు జవాబొచ్చింది. "థాంక్స్. మామను పెంచింది వాళ్ళ నాయనమ్మ, ఆమె వంటింట్ల మాట్లాడిన భాష అది, మాకెవ్వరికీ రాదు. ఆ పంది, ఫాదర్ జోకు మాత్రం మాకు తెలుసు. ప్రతి క్రిస్మస్‌కు చెప్పేటోడు. ఇంగ్లీషుల చెప్పినా ఎవ్వరికీ అర్థంగాకపోయేది, ఆయనొక్కడే నవ్వేటోడు. మీరు మనసుల పెట్టుకోకుండ్రి."

ఇదంతా అయి చానా ఏండ్లయింది. నా గడ్డంల తెల్లవెంట్రుకలొచ్చినయి, పెండ్లయింది, ఇప్పుడు ఖతర్‌లనే కాపురం. అప్పుడప్పుడు ఆ డైరీ తీసి ఆ ఆఖరి మాట పైకి చదువుకుంట. అర్థం తెల్వది గాని యాడ నవ్వాల్నో ఆయన మూతి చూసి నేర్చుకున్న, ఆడికొచ్చేటాల్లకు నవ్వొస్తది. మా ఆమె వంటింట్ల నుంచి, "క్యా హువా జీ, అకేలేచ్ హస్‌రై?" అని, ఒక్కనివే నవ్వుతున్నవేందని అడుగుతది. జోకు అని నేనంట. చెప్పుమంటది. నేను గొంతు సవరిచ్చుకుని, ఊపిరి ఆపేకాడ ఆపి, మొత్తం చదివి వినిపిస్త. ఆమె చేతిల గరిటె పట్టుకుని, ఇంకా ఏమన్న ఉన్నదేమోనని కొద్దిసేపు నిలబడి చూస్తది. ఆ దీవిల క్రిస్మస్ పూట వాళ్ళ మొఖాలు గూడ ఇట్లనే ఉండేది గావచ్చు.